వ్రాతల అడవిలో దారిగుర్తులు

భద్రాచల రామదాసు కీర్తనల పుస్తకము తెలుగు ఇండ్లకు పరిచితమైనదే. భజనకు కూర్చున్నవాడు తనకు కావలసిన కీర్తన కొరకు పుస్తకమంతయు తిరుగవేయడు. ముందు పుటలలోనో వెనుక పుటలలోనో అకారాదిగా కూర్చిన పట్టిక యుండును. పల్లవిలోని మొదటి మాట తెలిసిన చాలును. వ్రేలు అచ్చట నిలుచును, పుట సంఖ్య దొరకును. శతకములకును అంతే. పద్యము మొదలు తెలిసినవానికి పద్యానుక్రమణిక దారి చూపును. ఆ పట్టికను కూర్చినవాని పేరు మాత్రము అట్టమీద సాధారణముగా కానరాదు.

అయినను ఈ పట్టికకు ఒక హద్దు కలదు. పల్లవి ముందే ఎరిగినవానికే అది ఉపకరించును. రామదాసు తన చెరసాల బాధను చెప్పికొన్న కీర్తనలు ఎన్ని? సీతమ్మను మధ్యవర్తినిగా వేడిన కీర్తనలు ఏవి? ఇట్లు అడుగు విద్యార్థికి అకారాది పట్టిక బదులు చెప్పజాలదు. వానికి విషయ సూచిక కావలెను. ఎరిగినదానిని చేతికందించుట ఒకటి. ఎరుగనిదానిని ఎరుకపరచుట మరియొకటి. పండిత పత్రికలకు, పరిశోధన పత్రికలకు కూర్చెడి సూచికలన్నియు ఈ రెండవ పని కొరకు పుట్టినవే. పైకి చూచుటకు ఇది గుమాస్తా పనివలె తోచును. కాని ఒక సీమను గూర్చి ఒకటిన్నర శతాబ్దముగా వ్రాసిన వ్రాతలు ఆ సీమవారికి దొరకుటయు దొరకకపోవుటయు దానిమీదనే ఆధారపడి యున్నవి. ఖమ్మము దాటి భద్రాచలము అడవుల అంచునకు పోయినచో ఈ మాట ఎంత నిజమో తెలియును.

అనుక్రమణికల పుట్టుక

సూచికా విద్య ఈ దేశమునకు క్రొత్తది కాదు. కాత్యాయనుని పేర ప్రసిద్ధమైన సర్వానుక్రమణి ఋగ్వేదములోని ప్రతి సూక్తమునకును మొదటి పదమును, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును తెలుపును. ఒక్క సూక్తమును చేరుటకు ఇన్ని ద్వారములు తెరచి యుంచిన ఆ పద్ధతిని నేటి సూచికాకారుడు చూచినను ముచ్చటపడును. పదమూడవ శతాబ్దమున పారిస్ నగరములో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ అను క్రైస్తవ సన్యాసి ఆధ్వర్యమున లాటిన్ బైబిలునకు పదానుక్రమణిక సిద్ధమైనది. రెండు చోట్లను కారణము ఒక్కటే: గ్రంథము పెద్దది, మనుష్యుని ఆయువు చిన్నది.

పుస్తకమునకు ఆద్యంతములు గలవు. పత్రికకు అంతము లేదు. ఏటేట సంపుటములు పెరుగును. ఒక శాసనముపై చెలరేగిన వాదములో మొదటి వ్యాసము ఒక సంచికలో ఉండును. ఖండనము ఆరు నెలల తరువాతి సంచికలో ఉండును. దానికి సమాధానము మరియొక పత్రికలోనే వెలువడును. ఒక్కటి చదివి తక్కినవి చూడనివాడు తీర్పు చెప్పినచో అది సగము తీర్పు. ఈ చిక్కును గుర్తించి 1848లో అమెరికాలోని యేల్ కళాశాల విద్యార్థి విలియం ఫ్రెడరిక్ పూల్ పత్రికల వ్యాసములకు ఒక సూచికను ప్రకటించెను. అప్పటికి అతడు పట్టభద్రుడైనను కాలేదు. 1879లో జాన్ షా బిల్లింగ్స్ వైద్య పత్రికల కొరకు ఇండెక్స్ మెడికస్‌ను ఆరంభించెను. 1907 నుండి రసాయన శాస్త్రమునకు కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ వెలువడసాగెను. భారతదేశమున 1952లో ఢిల్లీలో ఇన్‌స్డాక్ అను శాస్త్ర సమాచార కేంద్రము ఏర్పడి, 1965 నుండి భారతీయ శాస్త్ర వ్యాసముల సారసంగ్రహమును ప్రకటించెను.

1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ మరియొక త్రోవ త్రొక్కెను. ఒక వ్యాసము ఏ విషయమునకు చెందినదో చెప్పుటతో తృప్తిపడక, దానిని తరువాతివారు ఎవరెవరు ఉదాహరించిరో చూపు సూచికను వెలువరించెను. వ్యాసము అడుగున ఇచ్చిన ఆధారములను పట్టుకొని పూర్వులను చేరుట విద్వాంసులు ఎరిగినదే. ఈ సూచికతో వ్యాసము నుండి దాని సంతతిని చేరుటయు సాధ్యమైనది.

తెలుగునాటను పత్రికా సంపద కొరతగా లేదు. ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రిక, 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించగా 1991 వరకు నడచిన ‘భారతి’, రాజమహేంద్రవరము నుండి 1926లో ఆరంభమైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక - వీని సంపుటములలో ఎన్ని శాసనములు, ఎన్ని వాదములు, ఎన్ని పరిష్కారములు ఒదిగియున్నవో! ప్రెస్ అకాడమీ మొదలగు సంస్థలు పాత సంచికలను చిత్రములుగా మార్చి అంతర్జాలమున ఉంచుట మహోపకారము. అయినను పుటను కంటికి చూపుట ఒకటి. ఆ పుటలోని విషయమును వెదకినవానికి అందించుట వేరొకటి. సూచిక లేని గ్రంథరాశి తాళపుచెవి లేని భోషాణము వంటిది.

ఒకే జాతి, నాలుగు వర్ణక్రమములు

భద్రాచలమునకు ఎగువన గోదావరి యొడ్డున దుమ్ముగూడెము కలదు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అచ్చట జాన్ కెయిన్ అను క్రైస్తవ మతబోధకుడు ఉండెను. అతడు భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876లోను, ఆ తరువాతను ‘ఇండియన్ ఆంటిక్వరీ’ అను పత్రికలో వ్యాసములు వ్రాసెను. 1881లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ ప్రాంతపు కోయలను గూర్చి మరియొక వ్యాసము ప్రకటించెను. మతబోధకుని దృష్టికి ఉండెడి లోపములు అందుండిన ఉండవచ్చును. అయినను ఆ అడవుల ప్రజల జీవనమును గూర్చి అచ్చైన తొలినాటి వ్రాతలలో అవి చేరినవి.

ఇపుడు భద్రాచలము కళాశాలలో చదువుకొను ఒక కోయ విద్యార్థి తన పూర్వులను గూర్చి ఏమి వ్రాసిరో చూడగోరెననుకొనుడు. అతడు సహజముగా ‘కోయ’ అను మాటతో వెదకును. కెయిన్ తన 1881 వ్యాసమునకు పెట్టిన పేరులో ఉన్న మాట ‘కోయి’. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ భారత కులములు, తెగల గ్రంథమున నాలుగవ సంపుటములో శీర్షిక ‘కోయీ’. 1906 నాటి గ్రియర్సను భాషా సర్వేక్షణలో వారి భాష గోండీ భాషా ప్రకరణములో ఒదిగి యున్నది. 1969లో స్టీఫెన్ టైలరు ప్రకటించిన వ్యాకరణమునకు మాత్రమే ‘కోయ’ అని పేరు. అందును అది గొమ్ము కోయల మాండలికమునకు, అనగా నదీతీరపు కోయల పలుకుబడికి పరిమితము. ఆ ప్రజలు తమ్ము తాము చెప్పుకొను పేరు ‘కోయితూర్’. ఒకే జాతి నాలుగయిదు గదులలో బంధింపబడి యున్నది. గది గదికిని తలుపు వేరు. వింత యేమనగా, నేడు కంప్యూటరులో ఆంగ్లాక్షరములతో ‘కోయి’ అని వెదకినచో ముందుగా ప్రత్యక్షమగునది జపానుదేశపు రంగుచేప! యంత్రము అక్షరములను కలుపును. అర్థము కలుపువాడు మనుష్యుడు.

సూచికాకారుని మొదటి విద్య ఇచ్చటనే తెలియును. అతడు ఒక రూపమును ప్రధాన శీర్షికగా గ్రహించును - ‘కోయలు’ అని. తక్కిన రూపములన్నిటి వద్దను ‘కోయలు చూడుడు’ అని వ్రాసియుంచును. ప్రధాన శీర్షిక క్రింద గొమ్ము కోయలు, గుట్ట కోయలు, భాష, పండుగలు, వ్యవసాయము అని ఉపశీర్షికలు ఏర్పరచును. చివర ‘గోండులు కూడ చూడుడు’ అని సంబంధమును తెలుపును. ‘చూడుడు’, ‘కూడ చూడుడు’ - ఈ రెండు చిన్న ఆదేశములే సూచికకు ప్రాణము.

ఊరు కదలలేదు, జిల్లా కదలినది

మనుష్యుల పేర్లకే కాదు, తావుల పేర్లకును ఇదియే చిక్కు. భద్రాచలము చరిత్రను చూడుడు. 1860లో ఈ ప్రాంతము నిజాము ప్రభుత్వము నుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి, మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరెను. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారెను. పిమ్మట తూర్పు గోదావరి జిల్లాలో ఉండెను. 1953లో వరంగల్లు నుండి విడివడి ఏర్పడిన ఖమ్మము జిల్లాలో 1959లో కలిసెను. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణమునకు దక్కగా చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందెను. 2022లో కూనవరము, చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోను చేరినవి. రాముడు కొండమీదనే ఉన్నాడు, గోదావరి క్రిందనే పారుచున్నది. కాగితముమీది చిరునామా మాత్రము ఇన్నిసార్లు మారినది. జిల్లా పేరు పట్టుకొని వెదకువాడు ఒక్కొక్క కాలపు వ్రాతలే చూచి, తక్కినవి లేవని భ్రమపడును. కావున తెలిసిన సూచికాకారుడు ఊరి పేరును మూలముగా నిలిపి, జిల్లా పేరునకు సంవత్సరములను జోడించును.

సమీపముననే మరియొక ఉదాహరణము. 1945లో ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు కొండరెడ్లను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దాని పేరులో ఉన్నది ‘బైసన్ హిల్స్’, అనగా అడవిదున్నల కొండలు. అవి మన పాపికొండలే యని తెలుగు విద్యార్థికి ఎట్లు తెలియును? 1948లో మల్లంపల్లి సోమశేఖర శర్మ రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను. రెండు గ్రంథముల పేర్లలోను ‘రెడ్డి’ శబ్దమే. ఒకటి కొండలలో పోడు కొట్టుకొను గిరిజనుల కథ. రెండవది కొండవీడు, రాజమహేంద్రవరములను ఏలిన ప్రభువుల కథ. తెలివిలేని పట్టిక ఈ రెండింటిని ఒకే శీర్షిక క్రింద చేర్చి, రాజును, గిరిజనుని ఒకే పీటమీద కూర్చుండబెట్టును. అంతేకాదు, ఆంగ్ల పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరుగా భావించినవారు సోమశేఖర శర్మను ‘శర్మ’ల గుంపులో వేయుదురు. తెలుగువాడు ఆయనను ‘మల్లంపల్లి’ అని వెదకును. ఇద్దరును ఎన్నడును కలిసికొనరు.

బొగ్గు మాట చూతము. 1871లో భూగర్భశాస్త్ర శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ సమీపమున ఉన్న చిన్న గ్రామము సింగరేణి. నాటి వ్రాతలలో సింగరేణి యనగా ఆ ఊరి బొగ్గు పొలము. నేడు సింగరేణి యనగా కొత్తగూడెము నుండి గోదావరిఖని దాక గనులు గల సంస్థ. ఇల్లెందు పాత వ్రాతలలో ‘ఎల్లందలపాడు’. ప్రజల నోట ‘బొగ్గుట్ట’. స్థలమెరిగినవాడు గాక మరెవ్వడు ఈ ముడులు విప్పగలడు?

పదము వేరు, విషయము వేరు

‘పోడు’ అను మాట ఈ అడవి అంచున పసిపిల్లలకును తెలియును. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదనేలలో విత్తి, కొన్ని యేండ్లకు మరియొక తావునకు మారు సేద్యమది. ఆంగ్ల పత్రికలలో ఇదియే ‘షిఫ్టింగ్ కల్టివేషన్’, ‘స్లాష్ అండ్ బర్న్’, ‘స్విడెన్’ అను పేర్లతో కానవచ్చును; ఈశాన్య రాష్ట్రముల పలుకుబడిలో ‘ఝూమ్’. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చిన తరువాత పోడు భూముల ప్రశ్న ఈ ప్రాంతపు గూడెములలో అన్నము ప్రశ్న యైనది. ఉపాధ్యాయుడో, న్యాయవాదియో, గూడెపు యువకుడో ఆధారములు వెదకునపుడు ఒక్క పేరు మాత్రమే తెలిసినచో, తక్కిన పేర్ల క్రింద ఉన్న సాక్ష్యము వానికి లేనట్లే.

అందుచేతనే సూచికాకారుడు పదములను ఏరుటతో ఆగడు. వ్యాసమును చదివి, ‘ఇది దేనిని గూర్చినది?’ అని ప్రశ్నించును. ఒక యాత్రావ్యాసములో పడవ ప్రయాణమును వర్ణించుచు రచయిత కోయల డోలును ఒకసారి స్మరించినంత మాత్రమున అది కోయలను గూర్చిన వ్యాసము కాదు. మరియొక వ్యాసములో ‘పోడు’ శబ్దము ఒక్కసారియు రాకున్నను, అడవి నరికి సేద్యము చేయు విధానమంతయు వర్ణింపబడి యుండవచ్చును. అది పోడు శీర్షిక క్రిందికి రావలసినదే. ఉన్న పదమును వదలుట, లేని పదమును చేర్చుట - ఈ రెండింటికిని వివేచనము కావలెను. గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలము వృథా కారాదని బోధించును. సూచిక ఆ సూత్రమునకు ఆచరణ రూపము. ఇంగ్లండులో 1957లోను, అమెరికాలో 1968లోను సూచికాకారులు తమ వృత్తిసంఘములను స్థాపించుకొనిరి. అది ఒక విద్య యని, అభ్యాసముచే కాని పట్టువడదని లోకమునకు చెప్పుటయే వారి యుద్దేశము.

కొలబద్దయైన సూచిక

ఈ విద్యకు నేడు ఒక పెద్ద గండము వచ్చినది. దారి చూపుటకు పుట్టిన సూచిక క్రమముగా యోగ్యతకు కొలబద్ద యైనది. పత్రికలోని వ్యాసములను సగటున ఎంతమంది ఉదాహరించిరను లెక్క పత్రికకు ప్రతిష్ఠను తెచ్చెను. 1975 నుండి అట్టి లెక్కలు ఏటేట ప్రకటితములైనవి. 2004లో స్కోపస్ అను మరియొక మహాసూచిక వెలసెను. అట్టి సూచికలలో చేరిన పత్రికలో వ్యాసము పడినచో అధ్యాపకునకు పదోన్నతి, పరిశోధకునకు పట్టము. పడనిచో ఎంత శ్రమించినను గుర్తింపు లేదు.

గిరాకీ యున్నచోట నకిలీ సరకు రాకమానదు. రుసుము పుచ్చుకొని ఏ పత్రికకైనను ‘సూచీకృతము’ అను ముద్ర వేయు వ్యాపారములు పుట్టినవి. వ్యాసమును చదువుట లేదు, శీర్షిక నిర్ణయించుట లేదు. పత్రిక పేరు ఒక పట్టికలో చేర్చి, పెద్ద అంకెతో ఒక పత్రము పంపుట - ఇంతే వారి సేవ. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము తాను ఆమోదించిన పట్టిక నుండి నాలుగువేలకు పైగా పత్రికలను తొలగించినది. అదే సంవత్సరమున ‘కేర్’ అను క్రొత్త ఏర్పాటును ప్రకటించి, 2025లో ఆ పట్టికను కూడ విరమించుకొని, పత్రికల మంచిచెడ్డలను నిర్ణయించు బాధ్యతను విద్యాసంస్థలకే వదలినది. పట్టిక ఎవరు కూర్చినను చదువరి వివేకమునకు అది ప్రత్యామ్నాయము కాజాలదని ఈ అనుభవము చెప్పుచున్నది.

నిజమైన సేవను గుర్తించుటకు విద్యార్థికి ఒక చిన్న పరీక్ష చాలును. ఆ సూచికను తెరచి, తనకు తెలియని విషయమును గూర్చి ఒక ప్రశ్న వేయవలెను. అది ఒక వ్యాసమునకు, ఒక పుటకు దారి చూపినచో సూచిక. పత్రికను పొగడి ఊరకున్నచో ప్రకటన.

వేరొక లోపము మోసము కాదు కాని బాధాకరము. ఈ మహాసూచికలు ప్రధానముగా ఆంగ్ల పత్రికల కొరకు ఏర్పడినవి. స్కోపస్‌లో చేరగోరు పత్రిక వ్యాసమునకు ఆంగ్లమున సారాంశము ఇచ్చితీరవలెను. కావున తెలుగులో వ్రాసిన మేలైన పరిశోధనము లోకమునకు కానరాక, తెలుగువారికిని దొరకక, రెండింటికి చెడుచున్నది. ఈ కొరతను పరదేశపు సంస్థ వచ్చి తీర్చునని ఎదురుచూచుట వ్యర్థము. ఇల్లెందును, ఎల్లందలపాడును కలిపి చదువగలవాడు ఈ నేలమీదనే కలడు.

బడిలో ఆరంభింపదగిన పని

పోలవరము జలాశయపు ముంపులోనికి వచ్చు ఊళ్లు కూనవరము, చింతూరు, వర రామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములలో కలవు. కెయిన్ నాడు తాలూకాగా వ్రాసిన రేకపల్లి నేడు వర రామచంద్రపురము మండలములోని ఒక గ్రామము. ఊరు కదలినపుడు మనుష్యులు క్రొత్త కాలనీలకు పోవుదురు. గట్టు పేరు, రేవు పేరు, వేల్పుచెట్టు పేరు వెంట పోవు. అవి మిగులునది వ్రాతలలోనే. ఆ వ్రాతలకు దారి లేనిచో ఊరు రెండుసార్లు మునిగినట్లగును - ఒకసారి నీటిలో, మరియొకసారి కాగితములలో.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక ఉన్నత పాఠశాల, కొన్ని వందల చీటీలు, ఓపికగల ఒక ఉపాధ్యాయుడు - ఇవి చాలును. విద్యార్థులు తమ గ్రంథాలయమునగల పాత పత్రికలను, పాఠశాల వార్షిక సంచికలను, అంతర్జాలమున దొరకు సంపుటములను పంచుకొని చదువవలెను. ఒక్కొక్క వ్యాసమునకు రచయిత, పేరు, పత్రిక, సంపుటము, సంవత్సరము, పుట వ్రాయవలెను. పిమ్మట అందు వచ్చిన ఊరు, జాతి, పంట, పండుగ, కట్టడము ఒక్కొక్కదానికి ఒక్కొక్క చీటీ కట్టవలెను. ఒకే వస్తువునకు రెండు పేర్లున్నచో ‘చూడుడు’ అని కలుపవలెను. గూడెము నుండి వచ్చు పిల్లవాడు ఇచ్చట గురువునకే గురువగును. ఏ పేరు ఏ గట్టుదో వానికి తెలియును. చీటీలను తరువాత కంప్యూటరున ఎక్కించుట సులభము. ముందుగా ఎక్కింపదగినది కూడవలెను.

భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకు ముందును ఈవలి గట్టున ఊళ్లున్నవి, ఆవలి గట్టున గుడి యున్నది. వంతెన గుడిని కట్టలేదు, ఊరిని కట్టలేదు. ఈవలివానిని ఆవలికి చేర్చినది. 1876 నాటి సంపుటము ఒక గట్టున ఉన్నది. నేటి కోయ విద్యార్థి మరియొక గట్టున నిలిచి ‘కోయ’ అని పిలుచుచున్నాడు. నడుమ కావలసినది ఒక్క చీటీ.